మూత్ర పరీక్షలో ఎర్ర అంకె, రొమ్ములో గడ్డ: దేన్ని నమ్మాలి?

ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 36, ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇద్దరు పిల్లలు. ఐదు నెలల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, నొక్కితే వేలి కింద నుంచి జారిపోతోంది. సర్జన్ చూసి స్కానింగ్ చేయించారు. 1.8 సెంటీమీటర్ల గడ్డ, ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని మామూలు గడ్డ) కావచ్చు, బైరాడ్స్ (రొమ్ము స్కానింగుకి ఇచ్చే అనుమానపు గ్రేడు) 3 అని రిపోర్టు వచ్చింది. "కంగారు పడాల్సింది లేదమ్మా, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం" అని డాక్టరు పంపించారు.

చిక్కు ఆ తర్వాత ఇంట్లో మొదలైంది. పై వాటాలో ఉండే తోడికోడలు గొలుసు పద్ధతిలో పోషక మాత్రలు అమ్ముతారు. ఆమె మాట మీద ఒకబ్బాయి ఇంటికే వచ్చి మూత్రం శాంపిల్ పట్టుకెళ్లాడు. వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టులో 8-ఓహెచ్‌డీజీ అన్నచోట అంకె ఎర్రగా ఉంది. పక్కనే "ఆక్సిడేటివ్ స్ట్రెస్ తీవ్రం" అని రాసి ఉంది. ఆ వెంటనే ఒకమ్మాయి ఫోన్ చేసి, "మీకు రొమ్ములో గడ్డ ఉందట కదా, ఇది దానికి హెచ్చరిక. మూడు నెలల కోర్సు వాడి అంకె దించుకోండి" అంది. కోర్సు 24 వేలు. చీటీ డబ్బుల్లోంచి ఎనిమిది వేలు కట్టేశారు. మొదటి డబ్బా వచ్చింది, ఇంకా తెరవలేదు. భర్త "తీయించేస్తే ఒక పనైపోతుంది" అంటున్నారు. అత్తగారు కత్తి తగిలితే ముదురుతుందంటున్నారు. ఈ సోదరి పిన్ని 61వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. గడ్డ తెలిశాక ఏడాదిపాటు పసరు కట్టించుకుని, ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్లారట.

"ముందు ఆ అంకె దిగనివ్వండి, తర్వాత స్కానింగుకి వెళ్తాను. ఈ రిపోర్టు చూస్తే డాక్టరు ఏం చెబుతారోనని భయం. నా తిండి వల్ల వచ్చిందా, నా టెన్షన్ వల్ల వచ్చిందా? తోడికోడలు అక్కకి వద్దని చెబితే ఇంట్లో మాటలు ఆగిపోతాయి. ఏం చేయమంటారు?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఎర్ర అంకె కాదు. "అంకె దిగాక స్కానింగుకి వెళ్తాను" అన్న మాట భయపెట్టింది. వచ్చే నెల చేయించాల్సిన స్కానింగును మూడు నెలలు వెనక్కి జరపాలనుకుంటున్నారు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఇది మాత్రం ముందే తేలాలి. ఆ తేదీని ఏ కారణంతోనూ కదపకండి.

ఇక ఆ పరీక్ష సంగతి. ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆ పనిలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడుతూనే ఉంటాయి, మీలోనూ నాలోనూ. అవి మితిమీరడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఫ్రీ రాడికల్స్ డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగానికి తగిలితే అది పాడవుతుంది. పాడైనదాన్ని ఏరిపారేసే ఎంజైములు కూడా కణంలోనే ఉన్నాయి. డీఎన్ఏ నుంచీ, డీఎన్ఏ కట్టడానికి కణం సిద్ధంగా ఉంచుకునే సరుకు నుంచీ అలా ఏరేసిన ముక్కలు రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వాటిని మూత్రంలోకి వదులుతాయి. అందులో ఒకటి 8-ఓహెచ్‌డీజీ. కాబట్టి అంకె ఎక్కువుంటే నష్టం ఎక్కువ జరుగుతోందని అర్థం కావచ్చు. మరమ్మతు చురుగ్గా సాగుతోందనీ కావచ్చు. ఈ రెంటిలో ఏదో ఆ కాగితం చెప్పదు.

దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మూత్రంలోకి వచ్చేది లివర్, ఊపిరితిత్తులు, కండరాలు, చర్మం అన్నిటి నుంచీ కలిసి వచ్చేది. అందులో రెండు సెంటీమీటర్లు కూడా లేని మీ గడ్డ వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఊరి మురుగంతా కలిసే కాలవలో ఒక చెంబు ముంచి, ఫలానా ఇంట్లో ఇవాళ ఏం వండారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆ ఫోన్ చేసిన అమ్మాయికి మీ గడ్డ గురించి తెలిసింది మూత్రం వల్ల కాదు, మీరో మీ అక్కో చెప్పడం వల్ల.

మీరు పంపిన రిపోర్టు ఫొటో జాగ్రత్తగా చూశాను. అంకె పక్కన "ఒక మిల్లీగ్రాము క్రియాటినిన్‌కు" అని చిన్న అక్షరాల్లో ఉంది. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడుతుంది కదా, ఆ తేడా పోవడానికి క్రియాటినిన్‌తో భాగిస్తారు. పద్ధతి మంచిదే. కానీ క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ తక్కువున్న సన్నటి మనిషిలో అది తక్కువగా పడుతుంది, అప్పుడు భాగహారంలో వచ్చే అంకె పెద్దదవుతుంది. మీ బరువు 43 కిలోలని మీరే రాశారు. కింద ఇంకో లైనులో "ఎలైజా పద్ధతి" అని ఉంది. అణువుల బరువును బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ కన్నా, యాంటీబాడీల కిట్‌తో కొలిచే ఈ ఎలైజా తరచుగా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మూత్రంలోని వేరే పదార్థాలకు కూడా ఆ కిట్ స్పందిస్తుంది. ఒక ల్యాబ్ అంకెకూ ఇంకో ల్యాబ్ అంకెకూ పొంతన కుదరదు. ఇంతకు మించితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న గీత కూడా ఏదీ లేదు. ఆ ఎర్ర రంగు వేసింది ఆ ల్యాబ్ తనకు తాను పెట్టుకున్న హద్దును బట్టి.

మీ ఉత్తరంలో రెండు విషయాలు మీరు దాటేసినట్టు రాశారు. శాంపిల్ ఇచ్చిన వారం పిల్లలతోపాటు మీకూ జ్వరం, దగ్గు ఉన్నాయి. మీవారు రాత్రిపూట గదిలోనే సిగరెట్ కాలుస్తారు. జ్వరం, పొగ, అదుపులో లేని షుగర్, అలవాటు లేని గట్టి కసరత్తు, వీటిలో ఏది ఉన్నా ఈ గుర్తులు పెరగొచ్చు. మనసులోని టెన్షన్‌ని కొలిచే పరీక్ష ఇది కాదు, కాబట్టి "నీ టెన్షనే ఇలా బయటపడింది" అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. ఆ సిగరెట్ మాత్రం గదిలోంచి బయటికి పంపించండి. గడ్డ ఉన్నా లేకపోయినా మీకూ పిల్లలకూ దాని నుంచి నష్టమే.

అయితే రొమ్ముకూ ఈ గుర్తులకూ అసలు సంబంధమే లేదా? మీరు నెట్‌లో వెతికి కొన్ని అధ్యయనాలు చూశానన్నారు. అవి ఉన్నమాట నిజమే, వాటిని తేలిగ్గా తీసిపారేయను. టొరంటోలో నార్మన్ బాయ్డ్, మెక్‌గ్వైర్ అనే పరిశోధకులు 1990లో ఒక సంగతి ప్రచురించారు. ఇంకా నెలసరి వస్తున్న స్త్రీలలో, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) రొమ్ము దట్టంగా (ఇది ముప్పు పెంచే లక్షణమే) కనిపించినవాళ్ల మూత్రంలో మలోన్‌డైఆల్డిహైడ్ ఎక్కువగా ఉందని. కొవ్వులు ఆక్సిజన్ దెబ్బకు చెడితే పుట్టే పదార్థం అది. అదే ఏడాది అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జేసన్ మారో, జాక్సన్ రాబర్ట్స్ బృందం ఐసోప్రోస్టేన్లను కనిపెట్టింది. కొవ్వుల మీది ఆక్సిజన్ దెబ్బను కొలవడానికి ఇప్పుడు ఎక్కువ నమ్మేది వాటినే. షాంఘైలో దాదాపు 75 వేల మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. అందులో ముందే దాచిపెట్టిన మూత్రాన్ని పరీక్షించి 2009లో ఫలితం చెప్పారు. లావుగా ఉన్నవాళ్లలో ఐసోప్రోస్టేన్లు పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ అవకాశం పెరిగినట్టు కనిపించింది. లావు లేనివాళ్లలో సరిగ్గా దానికి ఎదురుగా వచ్చింది! 43 కిలోల మనిషికి ఈ ఫలితాన్ని చూపించి మాత్రలు ఎలా అమ్ముతారు?

ఇవన్నీ జబ్బు ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి చేస్తున్న పరిశోధనలు. వందలమందిని రెండు వరసల్లో పెట్టి సగటున తేడా ఉందా అని చూస్తారు. రెండు వరసల్లోనూ ఎక్కువ అంకెవాళ్లూ ఉంటారు, తక్కువ అంకెవాళ్లూ ఉంటారు. ఒక్క మనిషిని తీసుకుని ఆమె గడ్డ మంచిదా చెడ్డదా అని చెప్పే దశకు ఈ పరీక్ష రాలేదు. ఫైబ్రోఅడినోమాకు చికిత్స నిర్ణయించడానికి సర్జన్లు దీన్ని వాడరు. అందుకే మీ డాక్టరు అడగలేదు. ఆ కాగితం ఆయనకు చూపించడానికి భయపడకండి. చూపించినా ఆయన చేయాల్సిన పని మారదు.

మీ గడ్డ గురించి నిజంగా చెప్పగలిగేవి మూడు. చేత్తో చూసిన పరీక్ష, స్కానింగ్, అవసరమైతే సూదితో తీసిన ముక్క. స్కానింగ్ రిపోర్టులో అంచులు నునుపుగా ఉన్నాయనీ, గడ్డ అడ్డంగా పడుకున్నట్టుందనీ రాశారు. రెండూ మంచి లక్షణాలు. బైరాడ్స్ 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు కన్నా తక్కువ. ఆరు నెలలకు మళ్లీ రమ్మనేది ఆ కొద్దిపాటి అవకాశాన్ని కూడా వదలకుండా పట్టుకోవడానికే.

మామూలు గడ్డ ఉన్నవాళ్లలో ముందుముందు ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పింది కూడా రొమ్ములోంచి తీసిన ముక్కే. వాండర్‌బిల్ట్‌లోనే విలియం డూపాంట్, డేవిడ్ పేజ్ మూడు వేల మందికి పైగా మహిళలను గమనించి 1985లో ఒక లెక్క ఇచ్చారు. మేయో క్లినిక్ వాళ్లు 9,087 మందిని చూసి 2005లో దాన్ని బలపరిచారు. కణాలు అతిగా పెరగని రకం గడ్డ ఉండి, ఇంట్లో ఎవరికీ ఈ క్యాన్సర్ లేకపోతే ముప్పు పెరగలేదు. కణాలు ఎక్కువైతే సుమారు రెండింతలు. ఎక్కువవడమే కాక వాటి ఆకారం కూడా తేడాగా ఉంటే, దాన్ని ఏటిపియా అంటారు, నాలుగైదింతలు. సూది పరీక్ష చేయించుకుంటే ఆ రిపోర్టులో వెతకాల్సింది ఏటిపియా అన్న మాట కోసం. అది మూత్రంలో కనిపించదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

వచ్చే నెల స్కానింగుకి వెళ్లి, గడ్డ అంతే ఉంటే ఆగడం మొదటి దారి. అప్పుడు సాధారణంగా ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ చూస్తారు. కోత లేదు, ఖర్చు తక్కువ. చాలా గడ్డలు అలాగే ఉండిపోతాయి, కొన్ని వయసు మీద పడ్డాక వాటంతట అవే చిన్నవవుతాయి. ఆరు నెలల్లో అడ్డుకొలత ఐదో వంతు పెరిగితే, అంటే మీ గడ్డ 2.2 సెంటీమీటర్ల దగ్గరకు వస్తే, ముక్క తీసి చూడమంటారు. ఈ దారిలో ఉన్న కష్టమల్లా పిలిచిన ప్రతిసారీ వెళ్లాలి, మధ్యలో వచ్చే భయాన్ని మోయాలి. రాత్రిళ్లు రెండింటిదాకా నిద్రపట్టడం లేదని రాశారు. అలాంటప్పుడు ఆగడం కూడా చిన్న బరువేమీ కాదు.

అందుకే రెండో దారి మీకు నప్పుతుందని నాకు అనిపిస్తోంది. కోర్ బయాప్సీ ఇప్పుడే చేయమని మీరే అడగడం. పిన్నిగారి సంగతి చెప్పి, ఆగలేకపోతున్నానని చెబితే చాలామంది సర్జన్లు కాదనరు. మీ వయసుకు మామోగ్రామ్ కూడా తీయిద్దామనవచ్చు. చర్మానికి మత్తు సూది ఇచ్చి, స్కానింగ్ తెర మీద చూస్తూ కాస్త లావుపాటి బోలు సూదితో రెండు మూడు దారాల్లాంటి ముక్కలు తీస్తారు. అరగంటలో అయిపోతుంది. కొన్నాళ్లు అక్కడ కమిలి ఉంటుంది, అంతే. సన్న సూదితో కణాలు మాత్రమే పీల్చే ఎఫ్ఎన్ఏసీ కన్నా ఇది మేలు, ఎందుకంటే ఇందులో కణజాలం అమరిక కనిపిస్తుంది. సూది గుచ్చితే మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. అత్తయ్యగారికి ఆ మాట మీరు చెప్పడం కన్నా డాక్టరు నోట వినిపించడం మంచిది. వీలైతే ఆమెనూ తీసుకెళ్లండి.

మీవారు అంటున్నట్టు తీయించేయడం మూడోది. గడ్డ పెరుగుతున్నా, మూడు సెంటీమీటర్లు దాటినా, బయాప్సీలో అనుమానం ఉన్నా అదే సరైన పని. ఏదీ లేకపోయినా, ఉంచుకోలేనని మీకే అనిపిస్తే తీయించుకునే హక్కు మీకుంది. కాకపోతే మచ్చ ఉంటుంది, ఒక్కోసారి చిన్న గుంట పడుతుంది, కొంతమందికి తర్వాత ఇంకోచోట ఇంకో ఫైబ్రోఅడినోమా వస్తుంది. ఆయన మాటల్లో విసుగు కనిపిస్తోంది గానీ, దాని వెనక ఉన్నది భయమేమో. ఇంట్లో వాదించడం కన్నా ఆయన్ని స్కానింగ్ గదిదాకా రమ్మనండి.

ఇక మాత్రలు. డబ్బా మీద ఉన్నవి విటమిన్ ఇ, బీటాకెరోటిన్, సెలీనియం, గ్రీన్ టీ సారం. ఇలాంటివి క్యాన్సర్‌ను ఆపుతాయని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే ఆశపడ్డారు, అందుకే వేలమంది మీద పరీక్షించి చూశారు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్షలో బీటాకెరోటిన్ వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. 1994లో ఆ ఫలితం వచ్చినప్పుడు అందరూ నివ్వెరపోయారు. అవి మగవాళ్లవీ, పొగతాగేవాళ్లవీ కాబట్టి మీకు అదే జరుగుతుందని చెప్పను. ఆడవాళ్ల మీద చేసిందీ ఉంది. అమెరికాలో దాదాపు 40 వేల మంది స్త్రీలలో సగం మందికి పదేళ్లపాటు విటమిన్ ఇ, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2005లో చెప్పిన ఫలితం ప్రకారం రొమ్ము క్యాన్సర్ ఏమాత్రం తగ్గలేదు. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో లివర్‌ను దెబ్బతీసిన సంఘటనలున్నాయి. ఇన్ని చెప్పినా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే. మాత్రలు వాడాక అంకె నిజంగానే దిగిందనుకోండి. మీ జ్వరం ఎలాగూ తగ్గింది కాబట్టి దిగినా దిగుతుంది. ఆ పచ్చ అంకె చూసి మీరు ధైర్యం తెచ్చుకుని స్కానింగ్ మానేస్తే? గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

పిన్నిగారి గురించి ఒక మాట, నొప్పి కలిగిస్తే మన్నించండి. మీరు రాసినదాన్ని బట్టి ఆమెకు ఎక్కువ హాని చేసింది ఆ పోయిన ఏడాది. పసరు ఏదో పని చేస్తోందన్న నమ్మకంలో కాలం గడిచింది. మాత్రల డబ్బా మీ కాలాన్ని అలా తినకూడదు. ఇక వారసత్వం సంగతికొస్తే, ఒక్క పిన్నికి, అదీ అరవై దాటాక వచ్చిందంటే మీ ముప్పు కొద్దిగానే పెరుగుతుంది. అమ్మగారికో, అక్కచెల్లెళ్లకో, చిన్న వయసులో ఇంకెవరికైనానో వచ్చి ఉంటే, ఎవరికైనా అండాశయ క్యాన్సర్ ఉంటే లెక్క మారుతుంది. అమ్మగారిని కూర్చోబెట్టుకుని రెండు వైపుల వాళ్లనూ ఒకసారి అడిగి రాసుకోండి.

మీ తిండి వల్ల వచ్చిందా అన్నారు. కాదు. ఈ గడ్డలు ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య, ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావంతో పెరుగుతాయి. మీరు స్టాఫ్‌రూంలో తిన్న సమోసాలకూ దీనికీ సంబంధం లేదు. ఆ నేరం మీ మీద వేసుకోకండి.

తోడికోడలి విషయం మందులకన్నా కష్టమని నాకు తెలుసు. ఒకే ఇంట్లో రోజూ ముఖాలు చూసుకోవాలి. ఆమె మిమ్మల్ని మోసం చేయాలని చేసి ఉండరు, ఆమెకూ ఎవరో నమ్మించే ఉంటారు. గొడవ వద్దనుకుంటే ముందు డాక్టరును అడగండి, ఆ తర్వాత ఆయన మాటగానే చెప్పండి: "అక్కా, గడ్డ తేలేదాకా ఏ మాత్రా వేసుకోవద్దన్నారు." ఇందులో అబద్ధం లేదు, ఆమె పరువూ పోదు. మొహమాటానికి మిగతా 16 వేలు కూడా కట్టి డబ్బాలు అటక మీద పెట్టొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. అప్పుడు ఇంట్లో శాంతి ఉంటుంది గానీ మూడు నెలల తర్వాత రెండో కోర్సు వస్తుంది, ఆ పరీక్ష చేయించమని ఈసారి మీ అత్తయ్యగారిని అడుగుతారు. తెరవని డబ్బాను తిప్పి ఇచ్చి డబ్బు అడగడం ఇంకో మార్గం. గొలుసు అమ్మకాల సంస్థల మీద కేంద్రం 2021 డిసెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం వాళ్లకు వాపసు పద్ధతి ఉండాలి. కుదరదంటే 1915 వినియోగదారుల నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆ ఫిర్యాదు చివరికి అక్కకే చుట్టుకునేలా ఉంటే, ఎనిమిది వేలు వదులుకోవడం మేలో కాదో మీరే చూసుకోవాలి. మీ ఇంటి లెక్క నాకన్నా మీకు తెలుసు.

ఈ లోపల చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, చంకలో గడ్డ తగిలినా, గడ్డ గబగబా పెరుగుతున్నట్టున్నా తేదీ కోసం చూడకుండా మర్నాడే వెళ్లండి. డబ్బు అడ్డమైతే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించుకోవచ్చు. ఇంకా పెద్ద సలహా కావాలంటే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

స్కానింగుకి వెళ్లేటప్పుడు పాత ఫిల్మూ రిపోర్టూ రెండూ పట్టుకెళ్లండి, వీలైతే అదే సెంటర్‌కు. కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తేనే పెరిగిందో లేదో తెలుస్తుంది. డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: కొలత మారిందా, నాకు కోర్ బయాప్సీ చేయడానికి మీకు అభ్యంతరమా, మళ్లీ ఎప్పుడు రావాలి. ఆ మూడో జవాబును క్యాలెండర్ మీద మీవారి చేత రాయించండి. రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, కలిసి చదువుదాం.